ఒకే యంత్రంలో ఏఎండీ64, ఐ386, ఆర్మ్64 ప్యాకేజీలు: ఆప్ట్ ముందుకు కదలడం లేదు

ప్రశ్న: నల్లతెర

నమస్కారం. నా యంత్రంలో 64-బిట్ ఇంటెల్ ప్రాసెసర్ (ప్యాకేజీల భాషలో ఏఎండీ64) మీద ఉబుంటు 24.04 అనే లినక్స్ వ్యవస్థ నడుస్తోంది. నా పనికి ఒక పాత 32-బిట్ ప్రోగ్రాం తప్పనిసరి. దానికి 64-బిట్ రూపం లేదు, ఇకపై వచ్చే సూచన కూడా లేదు. అందువల్ల ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీకి యాడ్-ఆర్కిటెక్చర్ ఆప్షన్ ఇచ్చి ఐ386ను, అంటే 32-బిట్ ఇంటెల్ ఆర్కిటెక్చర్‌ను (ప్రాసెసర్ రకాన్ని), చేర్చుకున్నాను. చాలాకాలం ఏ ఇబ్బందీ రాలేదు. ఇటీవల ఒక చిన్న ఆర్మ్ బోర్డుకు కావలసిన ప్రోగ్రాంలను ఈ యంత్రంలోనే కంపైల్ చేసుకునే ఉద్దేశంతో, అదే పద్ధతిలో ఆర్మ్64ను (64-బిట్ ఆర్మ్) కూడా చేర్చాను. ప్రస్తుతం మూడు సమస్యలు కనిపిస్తున్నాయి. అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయో, విడివిడిగా వచ్చినవో నాకు తెలియడం లేదు.

మొదటిది: ఆప్ట్ (సర్వర్ల నుంచి ప్యాకేజీలను తెచ్చి డీపీకేజీకి అప్పగించే ప్రోగ్రాం) అప్‌డేట్ నడిపిన ప్రతిసారీ "బైనరీ-ఆర్మ్64/ప్యాకేజెస్" అనే ఫైళ్లకు 404 నాట్ ఫౌండ్ అనే లోపం వస్తోంది. చివర "సమ్ ఇండెక్స్ ఫైల్స్ ఫెయిల్డ్ టు డౌన్‌లోడ్" అన్న వాక్యం కూడా వస్తోంది. వీటి మధ్యలో, నేను చేర్చుకున్న ఒక బయటి రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) ఐ386కు మద్దతు ఇవ్వడం లేదు కనుక దాని ఫైలును వదిలేస్తున్నామని చెప్పే గమనిక ఒకటి ఉంటోంది.

రెండవది: ఒక అప్‌గ్రేడ్ సందర్భంగా నా 32-బిట్ ప్రోగ్రాం తొలగిపోయింది. తిరిగి ఇన్‌స్టాల్ చేయబోతే "అన్‌మెట్ డిపెండెన్సీస్" (అది ఆధారపడే ఇతర ప్యాకేజీలు దొరకలేదు) అంటూ లిబ్‌గ్లిబ్2.0-0టీ64:ఐ386 పేరు చూపిస్తోంది. దాన్ని విడిగా అడిగితే లిబ్‌పీసీఆర్‌ఈ2-8-0:ఐ386 ఇన్‌స్టాల్ కాబోవడం లేదని చెబుతోంది. చివరి వాక్యం "యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అని ఉంది. కానీ ఆప్ట్-మార్క్ షోహోల్డ్ ఇచ్చి చూస్తే జాబితా ఖాళీగా ఉంది. నేను ఏ ప్యాకేజీనీ ఆపి ఉంచలేదు.

మూడవది: ఆర్మ్64 కోసం ఒక గ్రాఫిక్స్ లైబ్రరీకి చెందిన డెవ్ ప్యాకేజీని (దానితో ప్రోగ్రాంలు కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు ఉండేది) అడిగితే, పైథాన్3తో మొదలుపెట్టి డెస్క్‌టాప్‌లో సగభాగాన్ని తొలగిస్తానని ఆప్ట్ ప్రతిపాదించింది. అక్కడితో ఆగిపోయాను.

వ్యవస్థను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయకుండా దీన్ని చక్కదిద్దే మార్గం ఉందా? ఉంటే ఏ వరుసలో వెళ్లాలో తెలిపితే కృతజ్ఞుడిని.

జవాబు: పొట్టిదారి

ఇంత ఆలోచించవలసిన అవసరం లేదండి. ఆ లిబ్‌పీసీఆర్‌ఈ2 ఐ386 డెబ్ ఫైలును (ప్యాకేజీ ఫైలును) విడిగా డౌన్‌లోడ్ చేసుకుని, డీపీకేజీకి ఫోర్స్-ఆల్ ఆప్షన్ ఇచ్చి ఇన్‌స్టాల్ చేసేయండి. 32-బిట్ లైబ్రరీలు వేరే డైరెక్టరీలో ఉంటాయి కనుక 64-బిట్ వాటిని తాకవు. ప్రోగ్రాం తెరుచుకుంటుంది, మీ పని జరిగిపోతుంది.

జవాబు: గవాక్షం

పై సలహాను దయచేసి అమలు చేయకండి. లైబ్రరీ ఫైళ్లు వేరువేరు డైరెక్టరీలలో ఉంటాయన్న మాట నిజమే. ప్రోగ్రాం ఒకసారి తెరుచుకోవచ్చు కూడా. అయితే డీపీకేజీ డేటాబేసులో ఆ ప్యాకేజీ తీరని డిపెండెన్సీతోనో, కాన్ఫిగర్ కాని స్థితిలోనో మిగిలిపోతుంది. ఆ తరువాత మీరు సంబంధం లేని మరొక ప్యాకేజీని అడిగినా, ముందు ఫిక్స్-బ్రోకెన్ నడపమని ఆప్ట్ పట్టుబడుతుంది. అది చేసే మరమ్మతు ఏమిటంటే, మీరు బలవంతంగా పెట్టినదాన్ని తీసివేయడమే.

మీరు చెప్పిన మూడింటికీ కారణాలు వేరు. అయినా వరుస మాత్రం ముఖ్యం, ఎందుకంటే మొదటిదాన్ని సరిచేయకుండా రెండవదాన్ని పరిశీలిస్తే ఆప్ట్ చూపించే సమాచారమే పాతదై ఉండవచ్చు.

404తో మొదలుపెడదాం. ఉబుంటు 24.04కు సంబంధించిన ప్రధాన ఆర్కైవ్ సర్వర్‌లో ఏఎండీ64, ఐ386 ప్యాకేజీలు మాత్రమే ఉంటాయి. ఆర్మ్64, ఆర్మ్‌హెచ్‌ఎఫ్, పీపీసీ64ఈఎల్, ఎస్390ఎక్స్ వంటివన్నీ పోర్ట్స్ అనే వేరే సర్వర్‌లో ఉంటాయి. మీరు ఆర్మ్64ను చేర్చినప్పుడు డీపీకేజీ ఆ పేరును తన జాబితాలో రాసుకుందే తప్ప, ఆ ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయో ఆప్ట్‌కు ఎవరూ చెప్పలేదు. కనుక అది ఉన్న చిరునామాలన్నింటిలోనూ ఆర్మ్64 కోసం వెతుకుతోంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. బయటి రిపాజిటరీ విషయంలో వచ్చినది గమనిక మాత్రమే: దాని రిలీజ్ ఫైలులోనే (రిపాజిటరీలో ఏమేమి ఉన్నాయో చెప్పే ఫైలు) ఐ386 లేదు కాబట్టి ఆప్ట్ అడగకుండానే వదిలేసింది. ప్రధాన ఆర్కైవ్ రిలీజ్ ఫైలులో మాత్రం అన్ని ఆర్కిటెక్చర్ల పేర్లూ ఉంటాయి. ఉన్నదని నమ్మి ఆప్ట్ అడిగింది, సర్వర్ లేదన్నది. అందుకే బయటి రిపాజిటరీది నిరపాయమైన గమనిక, ప్రధాన ఆర్కైవ్‌ది నిజమైన లోపం. చాలామంది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, గమనికను పోగొట్టడానికి గంటలు వెచ్చించి లోపాన్ని మాత్రం అలాగే వదిలేస్తారు.

ఈ లోపాన్ని చూసీ చూడనట్టు వదిలేయడానికి వీల్లేదు. ఒక విడుదలలోని ప్యాకేజీల విభాగమైన సూట్‌కు చెందిన ఇండెక్స్ ఫైళ్లన్నింటినీ (ప్యాకేజీల జాబితాలను) ఆప్ట్ ఒక్క కట్టగా స్వీకరిస్తుంది. ఆ కట్టలో ఒక్కటి రాకపోయినా కొత్తవాటిని పక్కనపెట్టి పాతవాటినే వాడుకుంటుంది. అంటే ఆర్మ్64 ఫైలు దొరకని కారణంగా మీ ఏఎండీ64, ఐ386 జాబితాలు కూడా పాతబడిపోతున్నాయి.

24.04లో సోర్సుల వివరాలు ఈటీసీ, ఆప్ట్, సోర్సెస్-లిస్ట్-డీ డైరెక్టరీలోని ఉబుంటు.సోర్సెస్ అనే ఫైలులో పేరాల రూపంలో ఉంటాయి. ఇప్పటికే ఉన్న ప్రతి పేరాలోనూ, సెక్యూరిటీ పేరాతో సహా, "ఆర్కిటెక్చర్స్: ఏఎండీ64 ఐ386" అనే వరుసను చేర్చండి. తరువాత పోర్ట్స్ సర్వర్ చిరునామాతో మరో పేరా రాసి, అందులో "ఆర్కిటెక్చర్స్: ఆర్మ్64" అని మాత్రమే ఉంచండి. ఆ పేరాలో నోబుల్ (24.04 విడుదల పేరు), నోబుల్-అప్‌డేట్స్, నోబుల్-సెక్యూరిటీ సూట్లు మూడూ ఉండాలి. ప్యాకేజీల సంతకాన్ని సరిచూసే కీ పాతదే సరిపోతుంది. బయటి రిపాజిటరీకి కూడా అది నిజంగా ఇచ్చే ఆర్కిటెక్చర్‌నే రాస్తే ఆ గమనిక సైతం ఆగిపోతుంది. ఇంతవరకు చేసి, అప్‌డేట్ ఒక్క లోపమూ లేకుండా ముగిసిన తరువాతే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు రెండవ సమస్య. మల్టీఆర్చ్ (ఒకే వ్యవస్థలో పలు ఆర్కిటెక్చర్ల ప్యాకేజీలను ఉంచే పద్ధతి) రాకముందు, ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో 64-బిట్ వ్యవస్థలకు కావలసిన 32-బిట్ లైబ్రరీలన్నింటినీ ఐఏ32-లిబ్స్ అనే ఒకే భారీ ప్యాకేజీలో కుక్కి ఇచ్చేవారు. 2013లో విడుదలైన డెబియన్ 7తో ఆ పద్ధతి పోయి, ప్రతి ఆర్కిటెక్చర్ లైబ్రరీలకూ ఆ ఆర్కిటెక్చర్ పేరుతో సొంత డైరెక్టరీ వచ్చింది. దీనితో ఒకే లైబ్రరీ రెండు ప్రతులుగా పక్కపక్కన ఉండగలుగుతోంది. అలా ఉండగలిగే ప్యాకేజీల వివరాలలో "మల్టీ-ఆర్చ్: సేమ్" అని రాసి ఉంటుంది. కానీ ఆ రెండు ప్రతులకూ డాక్యుమెంటేషన్, కాపీరైట్ వంటి కొన్ని ఫైళ్లు ఉమ్మడిగా ఉంటాయి. ఉమ్మడి ఫైలు రెండింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. అందువల్ల రెండు ప్రతులూ సరిగ్గా ఒకే వెర్షన్‌లో ఉండాలన్నది డీపీకేజీ విధించే నియమం. దాదాపు ఒకటే అయితే చాలదు. చివరి అంకె వరకు, ప్లస్ బీ1 వంటి తోక వరకు ఒకటే కావాలి. నా అనుభవంలో మల్టీఆర్చ్ గురించి వచ్చే ఫిర్యాదులలో ఎక్కువ భాగం ఈ ఒక్క నియమం దగ్గరికే చేరతాయి.

"హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అనే మాట చూసి ఏదో హోల్డ్‌లో ఉందని భావించకండి. ఆప్ట్‌కు పరిష్కారం దొరకనప్పుడల్లా ఆ వాక్యమే ముద్రిస్తుంది, హోల్డ్‌లు ఉన్నా లేకున్నా. అది చెప్పే పేర్లలో పై స్థాయిలో ఉన్నవాటిని వదిలి, మీరు చేసినట్టే ఒక్కో మెట్టు కిందికి దిగి, ఇక దిగలేని ప్యాకేజీ దగ్గర ఆగాలి. మీ విషయంలో అది లిబ్‌పీసీఆర్‌ఈ2-8-0. ఆప్ట్-కాష్ పాలసీకి ఆ పేరును రెండుసార్లు, ఒకసారి ఏఎండీ64తో, ఒకసారి ఐ386తో ఇచ్చి వచ్చిన సమాచారాన్ని ఇక్కడ పెట్టండి. జవాబు అందులోనే ఉంటుందని నా అంచనా.

నల్లతెర

మీరు చెప్పిన విధంగా ఉబుంటు.సోర్సెస్‌ను మార్చాను. అప్‌డేట్ ఇప్పుడు లోపాలు లేకుండా ముగుస్తోంది. పాలసీ సమాచారం ఇలా ఉంది. ఏఎండీ64 ప్రతి ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉంది, వెర్షన్ 10.44, అది వచ్చినది బయటి రిపాజిటరీ నుంచి. ఐ386 ప్రతి ఇన్‌స్టాల్ కాలేదు, దానికి దొరుకుతున్న ఏకైక వెర్షన్ 10.42, నోబుల్ ప్రధాన ఆర్కైవ్ నుంచి.

ఆ రిపాజిటరీని నేను ఈ లైబ్రరీ కోసం చేర్చుకోలేదు. వెబ్ పనులకు ఒక భాష కొత్త వెర్షన్ కావలసి వచ్చి చేర్చాను. లైబ్రరీ దానితోపాటు వచ్చినట్టుంది. ఆ భాష కూడా నాకు రోజూ అవసరమే.

మరొక సందేహం. నేను దాచుకున్న డెబ్ ఫైలు అడుగుతున్నది లిబ్‌గ్లిబ్2.0-0 మాత్రమే. ఆప్ట్ మాత్రం చివర టీ64 ఉన్న పేరును చూపిస్తోంది. ఇది కూడా సమస్యలో భాగమా?

గవాక్షం

టీ64కు మీ సమస్యతో సంబంధం లేదు. 32-బిట్ వ్యవస్థలలో కాలాన్ని సెకన్లలో లెక్కించే సంఖ్య 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని 64 బిట్లకు పెంచే క్రమంలో ఎన్నో లైబ్రరీల పేర్ల చివర ఈ తోక చేరింది. పాత బైనరీలు (కంపైల్ అయిన ప్రోగ్రాంలు) పనిచేస్తూ ఉండాలన్న కారణంతో ఐ386ను మాత్రం ఆ మార్పు నుంచి మినహాయించారు. కనుక అక్కడ పేరు మారిందే తప్ప లోపలి అమరిక మారలేదు, కొత్త ప్యాకేజీ పాత పేరును కూడా తానే అందిస్తానని ప్రకటిస్తుంది. మీ పాత డెబ్ ఫైలు అడిగినది దానితో తీరుతుంది.

అసలు కారణం మీరు పంపిన పాలసీ వివరాలలోనే ఉంది. ఏఎండీ64 ప్రతి 10.44లో ఉన్నంతకాలం ఐ386 ప్రతి కూడా 10.44లోనే రావాలి. ఆ వెర్షన్‌ను ఐ386కు ఎవరూ తయారుచేయలేదు. ఉన్న 10.42ను 10.44 పక్కన ఇన్‌స్టాల్ చేయడానికి డీపీకేజీ అంగీకరించదు. మీ ప్రోగ్రాం తొలగిపోయిన అప్‌గ్రేడ్‌లో జరిగినది కూడా ఇదే: 64-బిట్ ప్రతి పైకి వెళ్లింది, 32-బిట్ ప్రతి వెంట వెళ్లలేక తప్పుకుంది, దాని మీద ఆధారపడిన గ్లిబ్, దాని మీద ఆధారపడిన మీ ప్రోగ్రాం వరుసగా తప్పుకున్నాయి.

ఇక్కడి నుంచి దారులు రెండే. ఒకటి, 64-బిట్ ప్రతిని 10.42కు దించడం. ఇందుకు బయటి రిపాజిటరీని నిలిపివేసి, ఆప్ట్ ఇన్‌స్టాల్‌కు ప్యాకేజీ పేరు, సమానం గుర్తు, కావలసిన వెర్షన్ ఇవ్వాలి. ఒక్క లిబ్‌పీసీఆర్‌ఈ2-8-0నే దించబోతే మళ్లీ అడ్డుపడుతుంది, ఎందుకంటే అదే సోర్సు నుంచి తయారైన 16-బిట్, 32-బిట్ అక్షరాల లైబ్రరీలు, డెవ్ ప్యాకేజీ కూడా మీ దగ్గర ఉంటే, వాటిలో డెవ్ ప్యాకేజీ సరిగ్గా తన వెర్షన్‌నే కోరుతుంది. ఆ కుటుంబంలో ఇన్‌స్టాల్ అయి ఉన్న పేర్లన్నింటినీ ఒకే ఆదేశంలో ఇవ్వండి. ముందు మైనస్ ఎస్ ఆప్షన్‌తో నడిపితే ఏమీ మార్చకుండా, ఏమి మారబోతున్నదో మాత్రమే చూపిస్తుంది. తొలగించబోయే వాటి జాబితాను చివరి పేరు వరకు చదవండి. ఈ పని మీరు ప్రతిసారీ చేతితో చేయనవసరం లేకుండా ప్రిఫరెన్సెస్ ఫైలులో ప్రధాన ఆర్కైవ్‌కు 1000 లేదా అంతకు మించిన ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ప్రాధాన్యం కనీసం 1000 ఉంటేనే వెర్షన్ దించడానికి ఆప్ట్ ఒప్పుకుంటుంది. కానీ దాన్ని అన్ని ప్యాకేజీలకూ వర్తించేలా రాస్తే మీకు కావలసిన భాష కూడా వెనక్కి పోతుంది.

అసలు చిక్కు కూడా అదే. ఆ భాష ప్యాకేజీలు 10.42 కన్నా కొత్త లైబ్రరీనే కోరుతుంటే మొదటి దారి మూసుకుపోయినట్టే. అప్పుడు రెండవది: ఆ 32-బిట్ ప్రోగ్రాంను ఈ వ్యవస్థలోంచి బయటికి తీసి, దానికి విడిగా ఒక చిన్న వ్యవస్థను కట్టడం. ఏది సాధ్యమో ఆ మైనస్ ఎస్ సిమ్యులేషన్ చూస్తే మీకే తెలుస్తుంది. ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ప్రధాన లైబ్రరీలను మార్చివేసే బయటి రిపాజిటరీ, విదేశీ ఆర్కిటెక్చర్ ఈ రెండింటినీ ఒకే వ్యవస్థలో ఉంచుకోవడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు. ఈ రోజు పీసీఆర్‌ఈ2 దగ్గర ఆగింది, రేపటి అప్‌గ్రేడ్‌లో మరొక లైబ్రరీ దగ్గర ఆగుతుంది.

జవాబు: పాతయంత్రం

గవాక్షం గారు చెప్పిన రెండవ దారికీ, మిగిలిపోయిన మూడవ సమస్యకూ కలిపి రాస్తున్నాను, ఎందుకంటే రెండింటికీ పరికరం ఒకటే: విడి డైరెక్టరీలో కట్టిన చిన్న వ్యవస్థ.

ముందు 32-బిట్ ప్రోగ్రాం. డెబూట్‌స్ట్రాప్‌తో ఒక డైరెక్టరీలో చిన్న ఐ386 వ్యవస్థను (ఇటువంటిదాన్ని సీహెచ్‌రూట్ అంటారు) కట్టి, ఎస్-సీహెచ్‌రూట్ ద్వారా అందులో ప్రోగ్రాంను నడపవచ్చు. మీ ప్రాసెసర్ 32-బిట్ ఆదేశాలను నేరుగా నడపగలదు కనుక వేరే ప్రాసెసర్‌ను అనుకరించే ఎమ్యులేటర్ అవసరం ఉండదు, వేగం తగ్గదు. అయితే ఆ లోపలి వ్యవస్థకు ఉబుంటు 24.04ను ఎంచుకోకండి. 2019 అక్టోబరులో వచ్చిన 19.10 నుంచి ఉబుంటులో ఐ386 పూర్తి ఆర్కిటెక్చర్‌గా లేదు. పాత ప్రోగ్రాంలు నడవడానికి అవసరమని ఎంపిక చేసిన ప్యాకేజీలు మాత్రమే తయారవుతున్నాయి. డెబియన్ 12లో ఐ386 ఇంకా పూర్తిగా ఉంది. 2025లో వచ్చిన డెబియన్ 13లో ఐ386కు కెర్నెల్ (వ్యవస్థ కేంద్ర భాగం), ఇన్‌స్టాలర్ లేవు గానీ, 64-బిట్ ప్రాసెసర్‌పై పాత ప్రోగ్రాంలను నడుపుకోవడానికి ప్యాకేజీలు ఉన్నాయి. ఏది ఎంచుకున్నా ఉబుంటులో ముందుగా డెబియన్-ఆర్కైవ్-కీరింగ్ ప్యాకేజీని పెట్టుకోండి. లేకపోతే డెబూట్‌స్ట్రాప్ సంతకాలను సరిచూడలేదు.

ఇక ఆర్మ్64. పైథాన్3ను తొలగిస్తానని ఆప్ట్ చెప్పినప్పుడు అది తప్పు చేయలేదు, మీరు అడిగినదాన్ని అక్షరాలా పాటించింది. లైబ్రరీలు రెండు ప్రతులుగా ఉండగలవు కానీ, యూఎస్‌ఆర్ బిన్ డైరెక్టరీలో పైథాన్3 అనే పేరుతో ఉండగలిగే ఫైలు ఒక్కటే. కనుక పైథాన్3 ఏదో ఒక ఆర్కిటెక్చర్‌కు చెందినదే ఉంటుంది. దాని వివరాలలో "మల్టీ-ఆర్చ్: అలౌడ్" అని ఉంటుంది. దీని అర్థం, ఏ ఆర్కిటెక్చర్ పైథాన్ అయినా తనకు చాలుననుకునే ప్యాకేజీ తన డిపెండెన్సీలో పేరు తరువాత ఎనీ అని రాసుకోవచ్చు. ఆ మాట రాయని ఆర్మ్64 ప్యాకేజీ పైథాన్3ను అడిగితే, ఆర్మ్64 పైథాన్3 కావాలనే లెక్క. అది రావాలంటే మీ ఏఎండీ64 పైథాన్3 పోవాలి. దానితో దాన్ని నమ్ముకున్న డెస్క్‌టాప్ పోతుంది. పెర్ల్‌తో కూడా ఇదే చిక్కు వస్తుంది. ఇటువంటిదే మరొకటి: ఏ ఆర్కిటెక్చర్‌కూ చెందని "ఆల్" ప్యాకేజీలను డీపీకేజీ స్థానిక ఆర్కిటెక్చర్‌కు చెందినవిగానే లెక్కిస్తుంది. వాటి వివరాలలో "మల్టీ-ఆర్చ్: ఫారిన్" అని లేకపోతే, అందులో ఉన్నవి ఉత్త అక్షరాల ఫైళ్లే అయినా ఆర్మ్64 ప్యాకేజీ డిపెండెన్సీని అవి తీర్చలేవు. దీనికి మీ వైపు నుంచి చేయగలిగినది లేదు. ఆ ప్యాకేజీని నిర్వహించేవారే ఆ ఒక్క వరుసను చేర్చాలి.

చిన్న లైబ్రరీల వరకైతే మల్టీఆర్చ్ ద్వారా ఆర్మ్64 డెవ్ ప్యాకేజీలు తెచ్చుకోవడం బాగానే నడుస్తుంది. కంపైలర్ కోసం క్రాస్‌బిల్డ్-ఎసెన్షియల్-ఆర్మ్64 పెట్టుకుంటే చాలు. అది మీ ప్రాసెసర్‌పైనే నడిచి ఆర్మ్64 ఫైళ్లను తయారుచేస్తుంది. గ్రాఫిక్స్ లైబ్రరీల వంటి పెద్ద చెట్లను మాత్రం ప్రధాన వ్యవస్థలోకి లాగకండి. ఎంఎండెబ్‌స్ట్రాప్‌తో ఆర్మ్64 వ్యవస్థను ఒక డైరెక్టరీలో కట్టి, క్రాస్ కంపైలర్‌కు సిస్‌రూట్ ఆప్షన్ ద్వారా ఆ డైరెక్టరీని చూపించండి. అందులో ఏ పైథాన్ ఉన్నా మీ వ్యవస్థకు తెలియదు. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు వాటి లోపలి ఆర్మ్ ప్రోగ్రాంలు మీ ఇంటెల్ ప్రాసెసర్‌పై ఎమ్యులేటర్ ద్వారా నడవాలి కనుక, కీము-యూజర్-స్టాటిక్, బిన్‌ఎఫ్‌ఎంటీ-సపోర్ట్ రెండూ ముందే ఉండాలి. లేకపోతే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అనే లోపంతో మధ్యలోనే ఆగుతుంది.

ఇంకొక ప్రశ్న, నిజానికి ఇది ముందే అడగవలసినది. మీ బోర్డు ఆర్మ్64 అని ఎలా నిర్ధారించుకున్నారు? యూనేమ్‌కు మైనస్ ఎం ఇస్తే వచ్చేది కెర్నెల్ ఆర్కిటెక్చర్ మాత్రమే. రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డులపై 64-బిట్ కెర్నెల్ కింద మొత్తం 32-బిట్ ప్రోగ్రాంలే నడుస్తుండడం మామూలే. అక్కడ యూనేమ్ ఏఆర్చ్64 (64-బిట్ ఆర్మ్) అంటుంది, డీపీకేజీకి ప్రింట్-ఆర్కిటెక్చర్ ఇస్తే 32-బిట్ ఆర్మ్ పేరైన ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అంటుంది. ప్యాకేజీల విషయంలో రెండవదే ప్రమాణం. బోర్డు మీద ఆ ఆదేశం నడిపి చూసిన తరువాతే ఇంత శ్రమ పడండి.

జవాబు: ఎర్రటోపీ

ఆర్‌పీఎం వ్యవస్థలు (డెబ్‌కు బదులు ఆర్‌పీఎం ప్యాకేజీలు ఉండే, సెంటాస్ వంటి లినక్స్‌లు) వాడేవారు ఈ చర్చను చదువుతుంటే వారికోసం కొద్దిగా. అక్కడ డైరెక్టరీలు రెండే: 32-బిట్ వాటికి లిబ్, 64-బిట్ వాటికి లిబ్64. మూడవ ఆర్కిటెక్చర్‌కు ఆ అమరికలో చోటు లేదు. వెర్షన్ల తేడా సమస్య మాత్రం ఇదే. ఆప్ట్ వంటిదైన యమ్‌ను వాడే సెంటాస్ 7లో అది "ప్రొటెక్టెడ్ మల్టీలిబ్ వెర్షన్స్" అనే సందేశంగా కనిపించేది. చాలాచోట్ల ఆ రక్షణనే ఆపివేయమని సలహా ఇస్తుంటారు. అది పైన మొదటి జవాబులో ఇచ్చిన సలహాకు మరో రూపం. యమ్‌కు బదులు డీఎన్‌ఎఫ్ ఉన్నచోట డిస్ట్రో-సింక్ నడిపితే రెండు ప్రతులూ రిపాజిటరీలో ఉన్న ఒకే వెర్షన్‌కు వస్తాయి. యూఎస్‌ఆర్ బిన్‌లో ఒకే పేరుతో రెండు ఆర్కిటెక్చర్ల ప్రోగ్రాంలు తారసపడితే ఆర్‌పీఎం అభ్యంతరం చెప్పకుండా 64-బిట్ దాన్ని ఉంచుతుంది. డెబియన్ వైపు నుంచి వచ్చినవారు ఇది చూసి ఆశ్చర్యపోతారు.

నల్లతెర

అందరికీ ధన్యవాదాలు. సిమ్యులేషన్ నడిపి చూస్తే, లైబ్రరీని దించిన వెంటనే ఆ భాషకు చెందిన ప్యాకేజీలన్నీ తొలగింపు జాబితాలోకి వచ్చాయి. అందువల్ల రెండవ దారిలో వెళ్లి, డెబియన్ 12 ఐ386 సీహెచ్‌రూట్‌ను కట్టాను. ప్రోగ్రాం అందులో చక్కగా నడుస్తోంది. బోర్డును పరిశీలిస్తే పాతయంత్రం గారి అనుమానమే నిజమైంది, డీపీకేజీ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అంటోంది. కనుక ప్రధాన వ్యవస్థలో ఇప్పుడు ఐ386 అవసరం లేదు, ఆర్మ్64 అవసరం అసలే లేదు.

రెండు చిన్న విషయాలు మిగిలాయి. ఆర్మ్64 రిమూవ్-ఆర్కిటెక్చర్‌తో వెంటనే పోయింది. ఐ386 ప్యాకేజీలన్నీ తీసివేశాననుకుని అదే ఆదేశం ఇస్తే, ఆ ఆర్కిటెక్చర్ డేటాబేసులో వాడుకలో ఉంది కనుక తొలగించలేనని డీపీకేజీ చెబుతోంది. రెండవది, ఓప్ట్ డైరెక్టరీలో ఆ ప్రోగ్రాంతోపాటు వచ్చిన ఒక సహాయక ప్రోగ్రాం ఉంది. దాన్ని టెర్మినల్ నుంచి పూర్తి చిరునామాతో పిలిస్తే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటోంది. కానీ ఎల్‌ఎస్ ఇస్తే ఆ ఫైలు అక్కడే కనిపిస్తోంది, నడిపే అనుమతి కూడా ఉంది.

పాతయంత్రం

రెండవదానితో మొదలుపెడతాను. లేదని చెబుతున్నది మీ ఫైలు గురించి కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించే లోడర్ గురించి. ప్రతి డైనమిక్ బైనరీలోనూ (బయటి లైబ్రరీలను వాడే ప్రోగ్రాం ఫైలు) తన లోడర్ చిరునామా రాసి ఉంటుంది. 32-బిట్ ఇంటెల్ ప్రోగ్రాంలకు అది లిబ్ డైరెక్టరీలోని ఎల్‌డీ-లినక్స్.ఎస్‌ఓ.2. అది లిబ్‌సీ6:ఐ386తో వస్తుంది. దాన్ని మీరు తీసివేశారు, కెర్నెల్‌కు లోడర్ దొరకలేదు, దొరకనిది ఏదో చెప్పకుండా ఆ పొడి వాక్యాన్ని మాత్రం తిప్పి పంపింది. ఫైల్ అనే ఆదేశానికి ఆ ప్రోగ్రాం చిరునామా ఇస్తే అది 32-బిట్ అన్న సంగతి, అది కోరే లోడర్ పేరు రెండూ కనిపిస్తాయి. ఆ సహాయక ప్రోగ్రాంను కూడా సీహెచ్‌రూట్‌లోకే తరలించి అక్కడి నుంచి పిలవండి.

మొదటిదానికి, డీపీకేజీ-క్వెరీకి ప్యాకేజీ పేరు, ఆర్కిటెక్చర్, స్థితి ముద్రించే ఫార్మాట్ ఇచ్చి, అందులోంచి ఐ386 వరుసలను మాత్రం వేరుచేసి చూడండి. జీసీసీ-14-బేస్, లిబ్‌జీసీసీ-ఎస్1 వంటివి ఏవైనా మిగిలి ఉండవచ్చు. ఆప్ట్-గెట్ పర్జ్‌కు చుక్క, నక్షత్రం, కోలన్, ఐ386 అనే నమూనాను కోట్స్‌లో పెట్టి ఇస్తే మిగిలినవన్నీ ఒకేసారి తొలగింపు జాబితాలోకి వస్తాయి. అవును అనడానికి ముందు జాబితాలో కోలన్ ఐ386 లేని పేరు ఒక్కటి కనిపించినా ఆపివేయండి. అవి పోయాక రిమూవ్-ఆర్కిటెక్చర్ అడ్డు చెప్పదు. తరువాత ఉబుంటు.సోర్సెస్‌లో మీరు రాసిన పోర్ట్స్ పేరాను తీసివేసి, మిగిలిన పేరాలలో ఐ386 పేరు కూడా చెరిపి, ఒకసారి అప్‌డేట్ నడపండి. ఆర్మ్‌హెచ్‌ఎఫ్ సిస్‌రూట్‌ను బోర్డు మీద ఉన్న అదే విడుదల నుంచి కట్టుకోండి. మీ యంత్రంలోని 24.04 నుంచి కడితే, టీ64 మార్పు ఆర్మ్‌హెచ్‌ఎఫ్‌లో లైబ్రరీల లోపలి అమరికనే మార్చింది కనుక, తయారైన ప్రోగ్రాం బోర్డు మీద ఉన్న పాత లైబ్రరీలతో పొసగకపోవచ్చు.